వి-క్రాస్‌కు పెద్ద టైర్లు: మూడేళ్ల తర్వాత స్టెప్నీ గురించి నాలుగు మాటలు

మూడేళ్ల క్రితం నా 2017 ఇసుజు వి-క్రాస్ పికప్ బండికి కంపెనీ ఇచ్చిన 245/70 ఆర్16 సైజు టైర్లు తీసేసి, వాటికన్నా వెడల్పూ ఎత్తూ ఎక్కువున్న 265/75 ఆర్16 ఆల్ టెరైన్ (రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే) టైర్లు వేయించాను. అప్పట్లో కనిపించిన ప్రతివారికీ వేయించుకోమని చెప్పాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవడం లేదు. కానీ నా మాట విని నాలుగు టైర్లు కొన్నవాళ్లకు అప్పుడు చెప్పని సంగతి ఒకటి ఉంది. నాలుగు అన్నాను చూడండి, తప్పంతా ఆ అంకెలోనే ఉంది.

"స్టెప్నీ ఎప్పుడో గానీ వాడరు సార్, పాతదే కింద ఉండనివ్వండి" అన్నాడు టైర్ల షాపతను. ఐదో టైరు డబ్బు మిగులుతుందంటే ఎవరికి చేదు? సరేనన్నాను.

నాకు పన్నెండు తేనెటీగల పెట్టెలున్నాయి. వ్యాపారం అనేంత కాదు, అలాగని సరదా అంటే మా ఆవిడ ఒప్పుకోదు. అరకు వైపు వలిసెలు పూసే రోజుల్లో వాటిని కొండ ఎక్కిస్తాను. పెట్టెలు తరలించాలంటే చీకటి పడి ఈగలన్నీ గూటికి చేరాక గుమ్మాలు మూసి, తెల్లవారే వేళకు కొత్త చోట దించి తెరవాలి. అందుకే నా ప్రయాణాలన్నీ రాత్రిపూటే.

రెండేళ్ల కిందటి నవంబరులో ఒక రాత్రి రెండు గంటలప్పుడు, శృంగవరపుకోట దాటి నేనూ మా మేనల్లుడూ అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాం. ఎదురుగా వస్తున్న లారీకి దారి ఇవ్వబోయి ఎడమ చక్రాలను తారు అంచు దింపాను. వెనక ఎడమ టైరు ఏదో రాతిని ఒరుసుకుంది. పెద్ద శబ్దమేమీ లేదు, బుస్సుమని గాలి పోయింది. దిగి లైటు వేసి చూస్తే టైరు పక్క భాగంలో నా బొటనవేలు దూరేంత కోత. రోడ్డుకు ఆనే భాగంలో మేకు దిగి ఉంటే నా దగ్గరున్న జిగురు తాళ్లతో పూడ్చుకునేవాణ్ని. పక్క కోతకు అవి పనికిరావు.

కింద నుంచి స్టెప్నీ దించి పెద్ద టైరు పక్కన నిలబెట్టాం. రెండంగుళాలకు పైగా పొట్టి. "మామయ్యా, ఇది మన బండిదేనా?" అన్నాడు వాడు.

దాన్ని వెనక బిగించుకుని పోదామంటే కుదరదు. 245/70 టైరు ఒక చుట్టుకు సుమారు 2.35 మీటర్లు వెళ్తుంది, 265/75 అయితే 2.53. ఒకే ఇరుసుకు అటొకటీ ఇటొకటీ ఉంటే ఆ తేడాను డిఫరెన్షియల్ (ఇరుసు రెండు వైపుల చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) సర్దాలి. మలుపుల్లో కాసేపు చేయాల్సిన ఆ పనిని తిన్నని రోడ్డు మీద కూడా ఆపకుండా చేస్తూ వేడెక్కుతుంది. కనుక ముందు ఎడమ చక్రం విప్పి, ఆ స్థానంలో స్టెప్నీ బిగించి, విప్పిన పెద్ద చక్రాన్ని వెనక్కి మార్చాలి. ఒక పంక్చరుకు రెండు చక్రాల చాకిరీ.

ముందు చక్రం పని తేలిగ్గానే అయింది. వెనక మాత్రం జాకీ పూర్తిగా పైకి వచ్చినా, గాలి నిండిన పెద్ద టైరు ఎక్కడానికి ఇంకా వేలెడు ఎత్తు చాలలేదు. ఇరుసు కింద రాళ్లు పేర్చి, జాకీ దించి, దాని అడుగున ఖాళీ తేనెపెట్టె పలక ఒకటి వేసి మళ్లీ లేపాం. పలక పటుక్కున చీలింది గానీ విరగకుండా నిలిచింది. అంతసేపూ వెనక తొట్టిలో పన్నెండు పెట్టెలు సన్నగా రొద చేస్తూనే ఉన్నాయి. మేము మళ్లీ కదిలేసరికి నాలుగున్నర.

అసలు వెటకారం ఆ తర్వాత. పొలానికి చివరి రెండు కిలోమీటర్లు బురద ఎక్కుడు, మధ్య మధ్య సిమెంటు రోడ్డు ముక్కలు. ఈ టైర్లు కొన్నదే ఆ రెండు కిలోమీటర్ల కోసం. తీరా అక్కడికి వెళ్లాక ఫోర్‌వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందించేది) వేయడానికి చేయి రాలేదు. చక్రాల సైజులు కలవనప్పుడు ముందు వెనక ఇరుసులను కట్టేస్తే, బురదలో జారి సర్దుకున్నా సిమెంటు మీద గేర్లు బిగుసుకుంటాయి. పెట్టెలను కొండ కిందనే దించి గుమ్మాలు తెరిచాను. ఈగలు ఆ రెండు కిలోమీటర్లూ ఎగిరి వెళ్లి పూలు చూసుకున్నాయి. వాటికి టైర్లతో పనేముంది!

మిగతా సంగతులు క్లుప్తంగా. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ముందు టైరు లోపలి ప్లాస్టిక్ తొడుగుకు రాసుకునేది, వేడి చేసి వెనక్కి నొక్కించాక తగ్గింది. బండి రెండంగుళాలు లేచిందని అప్పట్లో గొప్పగా చెప్పాను. లెక్క చూస్తే టైరు పెరిగింది 54 మిల్లీమీటర్లు, బండి కింద పెరిగిన ఎత్తు అందులో సగమే. మైలేజీ పన్నెండున్నర నుంచి పదిన్నరకు పడిందని బాధపడ్డాను. ఆ దిగులు కొంత అనవసరం, ఎందుకంటే మీటరే ఏడు శాతం తక్కువ చూపిస్తోంది. అసలు లెక్క పదకొండు పైనే. అదే లెక్కన ముల్లు ఎనభై మీద ఉంటే బండి పోయేది దాదాపు ఎనభై ఆరు వేగంతో. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, రేపు ఏదైనా జరిగితే బీమా దగ్గర పేచీ రావచ్చు. నేను కళ్లు మూసుకుని తిరుగుతున్నాను, మిమ్మల్ని మూసుకోమనను.

కోత పడ్డదాని బదులు ఒకటీ, స్టెప్నీగా ఐదోదీ ఆ వారమే కొన్నాను. ఆ ఐదోది పాత స్టెప్నీ చోటులో పట్టలేదు. తొట్టిలో పడుకోబెడితే రెండు పెట్టెల జాగా పోయింది. కొత్తవాటికీ అరిగిన మూడింటికీ తేడా రాకూడదని ఇప్పుడు ఐదింటినీ వంతులవారీగా మారుస్తున్నాను.

ఊళ్లో తిరిగే బండికైతే ఇవి వద్దంటాను. వర్షాలకు కొట్టుకుపోయిన కొండదారుల్లో నాలాగా తిరిగేవాళ్లకు పనికొస్తాయి, అదీ ఏడాదికి పది రోజులు. ఈ జత అరిగాక 245/75 ఆర్16 వేయాలని ఉంది, అప్పుడు పెరుగుదల మూడు శాతం దగ్గర ఆగుతుంది. మొన్న అదే షాపులో ధర అడిగాను. నాలుగింటికి లెక్క కట్టి చెప్పాడు.