క్లైబర్ ఐదో సింఫనీ: పన్నెండేళ్లు విన్నాక

బీథోవెన్ ఐదో సింఫనీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది మొదటి నాలుగు స్వరాలు. నాకు గుర్తొచ్చేది దాని నాలుగు మూవ్‌మెంట్లలో (భాగాల్లో) మూడోదాని చివరి నిమిషం. కండక్టర్ కార్లోస్ క్లైబర్ వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో 1974లో చేసిన రికార్డింగ్ పన్నెండేళ్లుగా వింటున్నాను. ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు కానీ, అందులో సగం సార్లు ఆ ఒక్క నిమిషం కోసమే విన్నాను. మొదటి మూవ్‌మెంట్ ఎంత గొప్పగా వాయించారో ఇప్పటికే అందరూ రాశారు కాబట్టి దాని జోలికి వెళ్లను.

ఆ నిమిషంలో ఏం జరుగుతుందంటే, వాద్యాలన్నీ సద్దుమణిగిపోతాయి. తీగ వాద్యాలు ఊపిరి బిగబట్టినట్టు ఒకే స్వరం మీద నిలబడతాయి. వాటి కింద టింపనీ (పెద్ద గిన్నెల్లాంటి డ్రమ్ములు) మీద మెత్తటి దెబ్బలు వినీ వినపడనట్టు మొదలవుతాయి. మొదటి వయొలిన్లు చీకట్లో గోడ తడుముకుంటున్నట్టు మెల్లగా పైకి వెళ్తాయి. స్కోరులో, అంటే రాసిన సంగీతంలో, దాదాపు యాభై బార్లు (తాళం ముక్కలు) ఇదే పరిస్థితి. ధ్వని పెరగడం మొదలయ్యేది చివరి కొన్ని బార్లలో మాత్రమే. ఆ పెరుగుదల అలాగే వెళ్లి సి మేజర్ శ్రుతిలో ఫైనల్‌గా, అంటే నాలుగో మూవ్‌మెంట్‌గా, విచ్చుకుంటుంది. అప్పటిదాకా ఈ సింఫనీలో ఒక్క స్వరం కూడా వాయించని మూడు ట్రాంబోన్లు, పికోలో, కాంట్రాబాసూన్ అక్కడే మొదటిసారి వినిపిస్తాయి. మూడో మూవ్‌మెంట్‌కీ నాలుగోదానికీ మధ్య ఆగే చోటే లేకుండా రాశాడు బీథోవెన్. క్లైబర్ ఆ గడప దగ్గర ఏ హడావిడీ చేయడు. ఫైనల్ వస్తోందని ముందే చెప్పేయడు, వచ్చాక తొందరపెట్టడు. నాకు ఈ రికార్డింగ్ మీద ఉన్న ప్రేమంతా అక్కడే పుట్టింది.

మొదటి ఐదేళ్లు సీడీలోనే విన్నాను. ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత సీడీలన్నీ ఎంపీత్రీలుగా మార్చుకుని ఫోన్‌లో వేసుకున్నాను. ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, దీపం ఆర్పేసి, మొదటినుంచీ వింటున్నాను. టింపనీ మొదలైంది, వయొలిన్లు పైకి వెళ్తున్నాయి, ధ్వని పెరుగుతోంది, ఇక ఫైనల్ వచ్చేస్తుందనగా నిశ్శబ్దం. అర సెకను ఉంటుందేమో. ఆ తర్వాత ఫైనల్ మోగింది. గడప దాటబోతుంటే మొహం మీద తలుపేసి, మళ్లీ తీసినట్టు అనిపించింది. ఆ ఫైనల్ అంతా విన్నాను గానీ, ఒక్క ముక్క మనసుకెక్కలేదు.

కాపీ చేసేటప్పుడు ఏదో తప్పు జరిగిందనుకుని మర్నాడు మళ్లీ కాపీ చేశాను. మళ్లీ అదే చోట అదే నిశ్శబ్దం. సీడీ పాతబడి పాడైందేమో అని టెన్షన్ పట్టుకుంది. అసలు సంగతి ఫైనల్ మధ్యలో తెలిసింది. ఆ ఫైనల్‌లో బీథోవెన్ ఒక చోట అంతా ఆపి, మూడో మూవ్‌మెంట్ సంగీతాన్ని మళ్లీ కాసేపు వినిపిస్తాడు. అక్కడినుంచి మళ్లీ పైకెక్కి సి మేజర్‌లోకి వస్తాడు. అంటే అదే తలుపు రెండోసారి తెరుచుకుంటుందన్నమాట. ఈ రెండోసారి మాత్రం ఎక్కడా తెగలేదు, నీళ్లు పారినట్టు వెళ్లిపోయింది. ఎందుకంటే సీడీలో ఒక్కో మూవ్‌మెంట్ ఒక్కో ట్రాక్, ఇదేమో ఒకే ట్రాక్ లోపల ఉంది. సంగీతంలో లోపం లేదు, సీడీలో లేదు, లోపమంతా రెండు ట్రాకుల అతుకు దగ్గరే ఉంది.

ఎంపీత్రీ ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా కోసి దాచుకుంటుంది. ఒక్కో ముక్కలో 1,152 శాంపిళ్లు (ధ్వని కొలతలు) ఉంటాయి. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు కాబట్టి, ఒక ముక్క అంటే దాదాపు 26 మిల్లీసెకన్లు. ట్రాక్ సరిగ్గా ముక్క చివరే ముగియదు కదా, మిగిలిన ఖాళీని నిశ్శబ్దంతో నింపుతుంది. మొదట్లో కూడా కొంత నిశ్శబ్దం చేరుతుంది. మామూలు పాటలకు దీనివల్ల నష్టం లేదు, పాటకీ పాటకీ మధ్య ఎలాగూ విరామం ఉంటుంది. దీనికి తోడు కొన్ని ప్లేయర్లు మొదటి ఫైల్ పూర్తిగా అయిపోయాకే రెండోది తెరుస్తాయి. నాకు వినిపించిన అర సెకనులో పెద్ద భాగం అదే అయి ఉంటుంది.

అప్పుడు చేసిన ఒక పని ఇప్పటికీ బాధగా ఉంటుంది. సెట్టింగుల్లో క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ తగ్గుతుండగానే తర్వాతిది మొదలయ్యేలా చేసేది) అని కనిపిస్తే, నిశ్శబ్దం పోతుందని ఆశపడి ఆరు సెకన్లకు పెట్టాను. నిశ్శబ్దం పోయిన మాట నిజమే. కానీ ఏ చివరి బార్లలో ధ్వని పెరగాలో, సరిగ్గా అక్కడే అది తగ్గుతూ పోయింది. ఆ తగ్గుదల కిందనుంచి ఫైనల్ నీరసంగా లేచి వచ్చింది. ట్రాంబోన్లు వచ్చాయని కూడా తెలియలేదు. అర సెకను నిశ్శబ్దమే నయం, కనీసం అప్పుడు ఇరువైపులా సంగీతం సంగీతంలా ఉంది. అలా రెండు వారాలు విన్నాను. ఆ రోజుల్లోనే మరొకరికి మొదటిసారి ఈ రికార్డింగ్ వినిపించాను, క్రాస్‌ఫేడ్ తీసెయ్యడం మర్చిపోయి. వాళ్లు "బాగుంది" అని ఊరుకున్నారు. మొదటిసారి వినడం అనేది ఎవరికైనా ఒక్కసారే దొరుకుతుంది, దాన్ని నేను పాడుచేశాను.

చివరికి గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ ఉన్న, అంటే ట్రాకుల మధ్య విరామం లేకుండా వినిపించే, ప్లేయర్ వేసుకుని, సీడీలన్నీ ఫ్లాక్ అనే ఫైల్ రకంలోకి మళ్లీ కాపీ చేశాను. ఫ్లాక్‌లో ఆ నిశ్శబ్దపు అతుకులు ఉండవు, ఒక ట్రాక్ చివరి శాంపిల్ పక్కనే తర్వాతి ట్రాక్ మొదటి శాంపిల్ వస్తుంది. సమస్య తీరిందనుకున్నాను. కొన్ని నెలల తర్వాత మాత్రం ఫైనల్ రావడంలో మునుపటి దెబ్బ లేదనిపించింది. వెతికితే, అన్ని ట్రాకుల శబ్దాన్నీ ఒకే స్థాయికి తెచ్చే సెట్టింగ్ ఒకటి ఆన్‌లో ఉంది. మూడో మూవ్‌మెంట్ మెత్తగా ఉంటుంది కాబట్టి దాన్ని పెంచుతోంది, ఫైనల్ గట్టిగా ఉంటుంది కాబట్టి దాన్ని తగ్గిస్తోంది. తెల్లవారకముందే గదిలో లైటేసినట్టు అయింది, ఇక సూర్యుడొచ్చినా తేడా ఏం తెలుస్తుంది? ఆ లెక్కను ట్రాక్‌కి కాకుండా ఆల్బమ్ మొత్తానికి కట్టేలా మార్చాక ఆ టింపనీ మళ్లీ వినీ వినపడని చోటికి వెళ్లింది.

స్ట్రీమింగ్ యాప్‌లలో కూడా ప్రయత్నించాను. ఒకదాంట్లో చాన్నాళ్లు బాగానే వచ్చింది, ఒక అప్‌డేట్ తర్వాత ఆ నిశ్శబ్దం తిరిగొచ్చింది. కంపెనీకి రాస్తే ఇంటర్నెట్ వేగం సరిచూసుకోమని జవాబిచ్చారు. నేను అడిగింది డౌన్‌లోడ్ చేసుకున్న ట్రాకుల గురించి. మళ్లీ వివరంగా రాశాను, నిమిషాలు సెకన్లతో సహా. దానికి జవాబు రాలేదు. ఈ ఒక్క సింఫనీకే అయితే సర్దుకుపోయేవాణ్నేమో. మెండెల్‌సన్ ఇ మైనర్ వయొలిన్ కన్‌చెర్టోలో మొదటి మూవ్‌మెంట్ అయిపోయినా బాసూన్ ఒక్కటే తన స్వరాన్ని వదలకుండా పట్టుకుని రెండో మూవ్‌మెంట్‌లోకి నడిపిస్తుంది. ఆ స్వరం మధ్యలో తెగితే ఇక ఏం మిగిలినట్టు? వాగ్నర్ ఒపెరా 'దాస్ రైన్‌గోల్డ్' అయితే రెండున్నర గంటల పాటు ఎక్కడా ఆగదు, అంతసేపూ ట్రాకుల అతుకులే.

ఈ వెతుకులాటలో అనుకోకుండా ఒకటి దొరికింది. నా సీడీలో ఐదో సింఫనీతో పాటు ఏడోది కూడా ఉంది, అదీ క్లైబర్, వియన్నా ఫిల్‌హార్మోనిక్‌లదే, 1975-76 నాటిది. ట్రాకుల చివర్లు పట్టి పట్టి వింటున్నప్పుడు రెండో మూవ్‌మెంట్ ఆఖరి స్వరాల దగ్గర ఆగిపోయాను. మామూలుగా అక్కడ వయొలిన్లు కమాను అందుకుంటాయి. ఇక్కడ చివరిదాకా వేలితో మీటుతూనే ముగించారు. క్లైబర్ తండ్రి, కండక్టర్ ఎరిక్ క్లైబర్‌ది కూడా ఇదే పద్ధతి. అన్నేళ్లు విని కూడా నేను దాన్ని గమనించలేదు. ఇప్పుడు ఆ మీటు వినకపోతే ఆ మూవ్‌మెంట్ పూర్తయినట్టే ఉండదు.

ఒకప్పుడు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ, ఐదో సింఫనీ అంటే ఇదొక్కటే చాలు అని చెప్పేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. మంచి హెడ్‌ఫోన్స్‌లో వింటే, ఫైనల్‌లో ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారి మోగే చోట్ల శబ్దం కొంచెం ఇరుగ్గా, గరుగ్గా అనిపిస్తోంది. మొదట్లో నా దగ్గరున్న చిన్న స్పీకర్లలో అది తెలియలేదు. టింపనీ విషయంలో కూడా, కండక్టర్ జాన్ ఎలియట్ గార్డినర్ బీథోవెన్ కాలపు వాద్యాలతో 1990లలో చేసిన రికార్డింగ్ విన్నాక, ఆ దెబ్బలు ఇంకా పొడిగా, దగ్గరగా ఉండొచ్చని తెలిసింది. ఫైనల్ ముగిసేసరికి మాత్రం మళ్లీ క్లైబర్ దగ్గరికే వస్తున్నాను. ఫైనల్ మొదటి భాగాన్ని ఆయన మళ్లీ వాయిస్తాడు, స్కోరులో ఉన్నట్టే. ఆ సి మేజర్ రెండోసారి మోగినప్పుడు నాకింకా ఒళ్లు జలదరిస్తుంది.

నేను రాత్రిపూట, ఒంటరిగా, ముప్పైమూడు నిమిషాలూ ఒకే బిగిన వినే మనిషిని. పని చేసుకుంటూ వినేవాళ్లకో, ఒక్కో మూవ్‌మెంట్ విడిగా వినేవాళ్లకో ఈ అతుకు గొడవ అసలు పట్టకపోవచ్చు. వాళ్లు ఏ యాప్‌లో విన్నా ఈ రికార్డింగ్ బాగానే ఉంటుంది. మొదటినుంచీ చివరిదాకా వినాలనుకుంటే మాత్రం ముందుగా మూడో ట్రాక్‌ని నాలుగు నిమిషాల దగ్గరికి జరిపి, ఫైనల్ మొదలయ్యేదాకా ఒకసారి విని చూడండి. అక్కడ ఏమీ తెగకపోతే, మళ్లీ మొదటికి వెళ్లి దీపం ఆర్పేయండి.