డ్యాష్‌బోర్డు విప్పే నైలాన్ పనిముట్ల సెట్టు: విప్పి, తిరిగి బిగించిన తరువాత నా అభిప్రాయం

ఏసీ గాలి దారిని మార్చే చిన్న మోటారు పాడై, కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ డ్యాష్‌బోర్డు లోపల టకటకమని చప్పుడు రావడం మొదలైంది. నా కారులో ఆ మోటారు చెయ్యి దూరని చోట, బ్లోయర్ పెట్టె వెనుక ఉన్నందున డ్యాష్‌బోర్డును పూర్తిగా విప్పక తప్పలేదు. ఆ పని కోసమే ఈ సెట్టు కొన్నాను. ఇందులో వేర్వేరు వెడల్పుల్లో ఐదు నైలాన్ బద్దలు, క్లిప్పు మెడ కింద దూర్చి లేపే ఇనుప ఫోర్కు, కొన వంగిన రెండు కొక్కేలు, ఒక డబ్బా నిండా విడి క్లిప్పులు ఉన్నాయి.

ఈ సెట్టులో అసలు విలువైనవి నైలాన్ బద్దలే. స్క్రూడ్రైవర్ కొనతో ప్యానెల్ అంచును లేపితే ప్లాస్టిక్ మీద తెల్లటి నొక్కు పడుతుంది, అది ఇక పోదు. నైలాన్ బద్దతో లేపినప్పుడు గీత పడేది బద్ద అంచుకే గాని ప్యానెల్‌కు కాదు. అన్నిటికంటే వెడల్పైన బద్దను సందులోకి దూర్చి, క్లిప్పు ఎక్కడ ఉందో వేలితో తడిమి, సరిగ్గా దాని పక్కనే లేపితే క్లిప్పు టక్కున ఊడివస్తుంది. దానికి దూరంగా లేపితే మాత్రం ప్యానెల్ వంగి, క్లిప్పును పట్టుకునే పలుచని గూడు విరుగుతుంది. చలిలో ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది కనుక, మీటర్ చుట్టూ ఉండే, ఉదయం బిగుసుకుపోయి కదలని ప్యానెల్‌ను అప్పుడు వదిలేసి, కారు కాసేపు ఎండలో ఉన్నాక లేపితే సులభంగా వచ్చింది. అంత పనిలోనూ కనిపించే భాగాల్లో ఒక్క గీత కూడా పడలేదు.

అయితే బద్దతో బలం ప్రయోగించే ముందు ఆగి చూసుకోవాలి. ప్యానెల్ కదలడం లేదంటే చాలాసార్లు లోపల ఇంకా ఒక స్క్రూ మిగిలి ఉందని అర్థం. నా కారులో అటువంటివి చిన్న మూతల వెనుక, గ్లవ్ బాక్సు పైన, తలుపు తెరిస్తేనే కనిపించే పక్క అంచుల్లో దాగి ఉన్నాయి. వాటిని విప్పే సాకెట్లు, టార్క్స్ బిట్లు (నక్షత్రం ఆకారపు కొన ఉన్నవి) ఈ సెట్టులో లేవు; విడిగా సమకూర్చుకోవాలి.

పెట్టెలోని సూచనల కాగితం మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. బద్దను ఏ కోణంలో పట్టుకోవాలో బొమ్మలతో చూపారు గాని, ఎయిర్‌బ్యాగుల గురించి ఒక్క మాట కూడా లేదు. స్టీరింగ్‌లోనూ ప్రయాణికుడి వైపు డ్యాష్‌బోర్డులోనూ ఎయిర్‌బ్యాగులు ఉన్న కారులో మొదట బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. ఆ తరువాత కూడా ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లోని కెపాసిటర్‌లో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి, కారు తయారీదారు మాన్యువల్‌లో చెప్పినంత సమయం ఆగిన తరువాతే పసుపు రంగు కనెక్టర్లను ముట్టుకోవాలి. విప్పిన ఎయిర్‌బ్యాగ్‌ను బయటి ముఖం పైకి ఉండేలా పెట్టాలి. దాని వైర్లకు మల్టీమీటర్ తగిలించకూడదు. డ్యాష్‌బోర్డు విప్పడానికే అమ్మే వస్తువులో ఈ నాలుగు మాటలు అచ్చు వేయకపోవడం క్షమించదగిన లోపం కాదు.

తిరిగి బిగించేటప్పుడు ఈ సెట్టు బలమూ బలహీనతా రెండూ తెలిశాయి. ఊడదీసినప్పుడు కొన్ని క్లిప్పులు ప్యానెల్‌తో రాకుండా బాడీ రంధ్రాల్లోనే ఉండిపోతాయి. వాటిని అలాగే ఉంచి పైనుంచి ప్యానెల్‌ను గుద్దితే ఏదో ఒకటి విరుగుతుంది. ఒక్కొక్కటిగా లాగి, ముందు ప్యానెల్ గూట్లో అమర్చి, ఆ తరువాతే నొక్కాలి. ఆ లాగడానికి ఇనుప ఫోర్కు చక్కగా పనికివచ్చింది గాని, అంచు పదునుగా ఉన్నందున దాని కింద దళసరి గుడ్డ పెట్టకపోతే పెయింటు లేచిపోతుంది. విడి క్లిప్పుల్లో నా కారుకు సరిపోయినవి రెండే. వదులుగా కూర్చునే క్లిప్పు వాడితే గతుకుల మీద ప్యానెల్ కిచకిచమంటుంది కనుక, విరిగిన మిగతావాటికి బదులు ఆ మోడల్‌కు చెందిన క్లిప్పులే తెప్పించాను. వైర్లన్నీ కలిపి, బ్యాటరీ బిగించి చూస్తే ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపం మామూలుగానే వెలిగి ఆరిపోయింది, టకటక ఆగింది.

ఈ పని ఒక్కసారి చేసేవారికైనా బద్దల కోసం ఈ సెట్టు కొనమనే చెబుతాను. ఎక్కువగా వాడిన వెడల్పు బద్ద అంచు ఇప్పుడు రంపపు పళ్లలా అయింది. గరుకు కాగితంతో రెండు నిమిషాలు రుద్దితే మళ్లీ సందులోకి నున్నగా దూరుతోంది.