స్వింగ్ స్పీడ్ రాడార్ చాలాకాలం వాడాక: పెద్ద అంకె వదిలేసి కింద ఉన్న చిన్న అంకె చూడండి

గోల్ఫ్ బంతి వెనక పెట్టుకుంటే క్లబ్ (గోల్ఫ్ కర్ర) ఎంత వేగంగా ఊపామో, బంతి ఎంత వేగంగా వెళ్ళిందో చూపించే చిన్న పెట్టె ఇది. ఎలా ఆన్ చేయాలి, బ్యాటరీలు ఎన్ని, బరువెంత లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. కంపెనీ పేరూ రాయను, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ తరహా చిన్న రాడార్లన్నిటికీ దాదాపు ఒకేలా వర్తిస్తాయి. చాలాకాలంగా ప్రాక్టీసుకు వెళ్ళినప్పుడల్లా ఇది నా బ్యాగులోనే ఉంటోంది. దీని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క చోటే ఉంది. తెర మీద పెద్దగా కనిపించే స్వింగ్ స్పీడ్ కింద, ఎండలో కళ్ళు చికిలించి చూస్తే తప్ప కనబడనంత చిన్నగా, బాల్ స్పీడ్ అని ఇంకో అంకె ఉంటుంది. అది లేకపోయుంటే ఈ పెట్టెను ఎప్పుడో ఎవరికో ఇచ్చేసేవాణ్ణి.

అందరూ కొనేది మాత్రం పై అంకె కోసమే, నేనూ అందుకే కొన్నాను. డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) వేగం గంటకు ఒక మైలు పెరిగితే దూరం రెండున్నర నుంచి మూడు యార్డులు పెరుగుతుందన్నది గోల్ఫ్ ఆడేవాళ్ళలో తెలియనివాళ్ళు లేని లెక్క. 2020లో అమెరికా గోల్ఫర్ బ్రైసన్ డిషాంబో ఒళ్ళు పెంచి, వేగం పెంచి, వింగ్డ్ ఫుట్ మైదానంలో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీని ఆరు స్ట్రోకుల తేడాతో గెలిచినప్పటి నుంచి మాలాంటి మామూలు ఆటగాళ్ళు కూడా ఆ లెక్కనే పట్టుకుని వేలాడుతున్నారు. లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే దాని వెనక ఎవరూ పైకి చెప్పని షరతు ఒకటుంది: బంతి క్లబ్ ఫేస్ (క్లబ్‌లో బంతిని తాకే వైపు) మీద తగిలే చోటు మారకూడదు.

నా మామూలు వేగం గంటకు 91, 92 మైళ్ళ మధ్య ఉండేది, బాల్ స్పీడ్ 133 దాకా వచ్చేది. తేలిక కర్ర, బరువు కర్ర మార్చి మార్చి, బంతి లేకుండా వీలైనంత గట్టిగా ఊపే స్పీడ్ ట్రైనింగ్ మొదలుపెట్టాను. కొన్ని వారాలకే పై అంకె 95 దాటింది, ఇంకొన్నాళ్ళకు 98 కనిపించింది. ఆ రోజుల్లో ఎవరడిగినా ఈ రాడార్‌ను ఆకాశానికెత్తేవాణ్ణి, ఎందుకంటే ఎదురుగా అంకె కనబడుతుంటే ఒంట్లోంచి ఇంకో మైలు ఎలాగోలా వస్తుంది, అది మాత్రం నిజం. ఆరు మైళ్ళంటే పదిహేను యార్డుల పైమాటే కదా. గోల్ఫ్ కోర్సులోకి వెళ్తే ఆ పదిహేను యార్డులు ఎక్కడా లేవు. బాగా అలవాటైన హోల్స్‌లో బంతి ఎప్పుడూ ఆగే చోటే ఆగుతోంది, కొన్నిసార్లు అంతకన్నా వెనకే. అలాంటప్పుడు తడి నేల, ఎదురుగాలి, బంతి రకం, ఇలా ఎన్నో కారణాలు తోస్తాయి. అసలు రాడారే తప్పు చూపిస్తోందేమో అన్న అనుమానం కూడా వచ్చింది.

సమాధానం ఆ తెర మీదే ఉంది. పైన 98, కింద 133. మళ్ళీ కొడితే 97, 131. ఇంకోసారి 98, 134. పైది ఆరు మైళ్ళు పెరిగినా కిందది ఉన్నచోటే ఉంది. కింది అంకెను పై అంకెతో భాగిస్తే వచ్చేదే స్మాష్ ఫ్యాక్టర్. పాత వేగంతో అది 1.45 దగ్గర ఉండేది, కొత్త వేగంతో 1.36కి పడిపోయింది. అంటే కష్టపడి తెచ్చుకున్న వేగమంతా బంతికి చేరకుండానే పోతోంది.

ఎక్కడ పోతోందో చూడ్డానికి పాదాలకు వాడే పౌడర్ స్ప్రేను డ్రైవర్ ఫేస్ మీద పల్చగా కొట్టాను. ఆ తెల్లటి పొర మీద బంతి తగిలిన ప్రతిచోటా ఒక గుండ్రటి మచ్చ, దగ్గరగా పెట్టుకుని చూస్తే అందులో బంతి మీది చిన్న చిన్న గుంటలు కూడా అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి. నా మచ్చలన్నీ ఫేస్ నడుమ నుంచి దాదాపు అంగుళం దూరంలో, టో (నాకు దూరంగా ఉండే క్లబ్ చివర) వైపు ఒకేచోట గుంపుగా పడ్డాయి. నడుమ ఉన్న తెలుపు చెక్కుచెదరలేదు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊపేటప్పుడు కిందికి వచ్చే దారిలో నా బరువు మడమల మీదికి పోతోంది, నడుము ముందుగానే నిటారుగా లేస్తోంది, దాంతో క్లబ్ హెడ్ నా వైపుకు జరిగి టో చివరి భాగమే బంతికి అందుతోంది. అక్కడ తగిలితే హెడ్ చేతిలోనే మెలి తిరుగుతుంది, బంతికి పోవాల్సిన శక్తిలో కొంత ఆ తిరగడానికే ఖర్చయిపోతుంది. పైగా గేర్ ఎఫెక్ట్ వల్ల, అంటే హెడ్ మెలి తిరిగితే పళ్ళ చక్రాల్లా బంతి దానికి ఎదురుగా తిరగడం వల్ల, బంతికి ఎడమవైపు తిరిగే స్పిన్ వస్తుంది. ఆ నెలల్లో నా డ్రైవ్‌లు ఎడమవైపు పొడవు గడ్డిలోకే (రఫ్) ఎందుకు వంగేవో కూడా దీంతో తేలిపోయింది.

ఆ తర్వాత చేసిన పని చాలా చిన్నది. పై అంకె మీద టేప్ ముక్క అంటించి, బంతికి అటూ ఇటూ క్లబ్ హెడ్ సరిగ్గా పట్టేంత సందు వదిలి రెండు టీలు (బంతిని నిలబెట్టే చిన్న పుల్లలు) గుచ్చి, వాటికి తగలకుండా ఆ సందులోంచి కొడుతూ, కింది అంకె ఒక్కటే చూశాను. మొదట్లో టీలు ఎగిరిపడేవి. మెల్లగా కింది అంకె 135, 136, చివరికి 138 దగ్గర నిలబడింది. టేప్ తీసి చూస్తే పైన 95. అంటే పైన మూడు మైళ్ళు తగ్గాయి, కింద ఐదు పెరిగాయి. కోర్సులో పది యార్డులు ఇప్పుడు నిజంగానే కనిపిస్తున్నాయి, బాల్ స్పీడ్ మైలుకు సుమారు రెండు యార్డులన్న లెక్కకు అది సరిపోతుంది కూడా. పది యార్డులంటే కొందరికి చిన్నమాట కావచ్చు, నాకైతే రెండో షాట్‌కి ఒక మెట్టు తక్కువ దూరం కొట్టే క్లబ్ సరిపోవడం.

మాతో ఆడే పెద్దాయన ఒకరున్నారు, ఎప్పుడూ తొందరపడరు, డ్రైవర్‌ను కూడా దగ్గర్నుంచి మెల్లగా కొట్టే చిప్ షాట్ ఆడుతున్నంత నింపాదిగా ఊపుతారు. టేప్ అంటించక ముందు ఒకరోజు "ఏం బాబూ, నీ మెషిన్ నాకెంత ఇస్తుందో చూడు" అని రాడార్ ముందు నిలబడ్డారు. పైన 88, కింద 129. నాకన్నా పది మైళ్ళు తక్కువ వేగంతో ఊపి, బాల్ స్పీడ్‌లో మాత్రం నాకు నాలుగు మైళ్ళ తేడాలో ఉన్నారు. ఆయన స్మాష్ ఫ్యాక్టర్ 1.46 పైన. "అయితే బానే ఉందన్నమాట" అని క్లబ్ బ్యాగులో పెట్టేశారు. ప్రొఫెషనల్ టూర్‌లోనూ ఇదే కనిపిస్తుంది. ఎల్‌పీజీఏ (మహిళల ప్రొఫెషనల్ టూర్) క్రీడాకారిణుల సగటు డ్రైవర్ వేగం 94 మైళ్ళ ప్రాంతంలో ఉంటుందన్నది స్వింగ్ కొలిచే యంత్రాలు చేసే ట్రాక్‌మ్యాన్ సంస్థ ఏళ్ళుగా ఇస్తూ వచ్చిన అంకె. మగవాళ్ళలో మామూలు క్లబ్ ఆటగాడి వేగం కూడా దానికి అటూఇటూగానే ఉంటుంది. ఆ లెక్కల ప్రకారం వాళ్ళ బాల్ స్పీడ్ 140 దగ్గర, మనది 133 దగ్గర. ఫేస్ నడుమ కొట్టడంతో పాటు వాళ్ళు బంతిని కాస్త పైకి లేస్తున్న క్లబ్‌తో అందుకుంటారు, దూరం అక్కడా కలిసొస్తుంది.

రాడార్ అబద్ధం చెప్పినప్పుడు పట్టుకోవడానికి కూడా ఈ కింది అంకే ఉపయోగపడుతుంది. డ్రైవర్‌తో స్మాష్ ఫ్యాక్టర్ 1.5 దాటడం దాదాపు అసాధ్యం. బంతి బరువు నిబంధనల ప్రకారం 45.93 గ్రాములు మించకూడదు, డ్రైవర్ హెడ్ సుమారు 200 గ్రాములు, ఫేస్ ఎంత స్ప్రింగులా పనిచేయొచ్చో దానికీ హద్దు ఉంది. ఈ మూడూ కలిపి లెక్క వేస్తే 1.49 దగ్గరే ఆగుతుంది. అందుకని పైన 90, కింద 141 అని కనిపిస్తే సంబరపడకుండా ఆ షాట్‌ను లెక్కలోంచి తీసేస్తాను. ప్రాక్టీసు రేంజ్‌లో పక్క బేలో (పక్క గడిలో) ఎవరైనా అదే క్షణంలో ఊపినా రాడార్ ఆ వేగాన్ని పట్టుకుని నాకు చూపించిన సందర్భాలున్నాయి. రద్దీగా ఉండే రేంజ్‌లో ఇది విసుగు పుట్టిస్తుంది, చివరి బే దొరికితే తప్ప నేను దీన్ని బయటికి తీయడం మానేశాను.

ఇంతకుముందు దీని గురించి నేను గొప్పగా చెప్పిన మాటల్లో "స్వింగ్ స్పీడ్ కచ్చితంగా చూపిస్తుంది" అన్నదాన్ని ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి. డాప్లర్ రాడార్ తన చూపు గీతలో వచ్చే వేగాన్నే కొలుస్తుంది, పక్క నుంచి చూస్తే తక్కువ చూపిస్తుంది. 10 డిగ్రీలు పక్కకి ఉంటే తేడా ఒకటిన్నర శాతమే, పట్టించుకోనక్కర్లేదు. 20 డిగ్రీలైతే 95 మైళ్ళ స్వింగ్ 89గా కనబడుతుంది. పెట్టె కాస్త పక్కకి జరిగినందుకే నెల రోజుల సాధన గాలికి పోయినట్టు అనిపిస్తే ఎంత టెన్షనో ఆలోచించండి. దానికి తోడు క్లబ్ హెడ్‌లో టో భాగం, కర్రకు దగ్గరగా ఉండే హీల్ కన్నా వేగంగా కదులుతుంది, ఇలాంటి చిన్న రాడార్లు ఎక్కువ వేగమున్న భాగాన్నే పట్టుకునే అవకాశం ఎక్కువ. అందుకే పెద్ద లాంచ్ మానిటర్ (బంతి లేచే కోణం, స్పిన్ కూడా కొలిచే యంత్రం) ఇచ్చే అంకె కన్నా ఇది రెండు మూడు మైళ్ళు ఎక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. బంతి వెనక ఒకే దూరం, ఒకే గీత, ప్రతిసారీ అలాగే పెట్టుకుంటే నిన్నటితో ఇవాళ్టిని పోల్చుకోవచ్చు. మీ అంకెను ఇంకొకరి మెషిన్‌లో వచ్చిన అంకెతో పోల్చకండి.

బాల్ స్పీడ్ మీద నాకున్న ప్రేమకీ ఒక హద్దుంది. ఈ పెట్టె బంతి ఎంత కోణంలో లేచిందో, ఎంత స్పిన్‌తో వెళ్ళిందో చెప్పదు. 138 వచ్చిన రెండు షాట్లలో ఒకటి ఫేస్ పై భాగంలో తగిలి తక్కువ స్పిన్‌తో పోయి, రెండోది కింది భాగంలో తగిలి గాల్లో బెలూన్‌లా లేచి ఆగిపోతే, వాటి మధ్య ఇరవై యార్డుల తేడా ఉండొచ్చు, రాడార్‌కి మాత్రం రెండూ ఒకటే. కాబట్టి అది తెర మీద చూపించే అంచనా దూరాన్ని నేను అసలు చూడను. దిశ కూడా చెప్పదు. ఇక రేంజ్ బంతులు పాతబడి మెత్తబడ్డవైతే కింది అంకె కొన్ని మైళ్ళు తగ్గుతుంది, నా సొంత బంతులతో వచ్చిన అంకెలూ రేంజ్ బంతులతో వచ్చినవీ వేర్వేరుగా రాసుకుంటాను.

కొనమంటారా అని అడిగితే, నా పరిస్థితి చెప్తాను, మీది మీరు చూసుకోండి. నేను ఎక్కువగా ఒంటరిగా ప్రాక్టీసు చేస్తాను, వారం వారం లాంచ్ మానిటర్ ముందు నిలబెట్టే కోచ్ లేరు, వేగం మధ్యరకం, కుడి భుజం అప్పుడప్పుడు పట్టేస్తుంది కాబట్టి ఇంకా గట్టిగా ఊపే ఓపికా లేదు. ఉన్న వేగాన్ని బంతికి పూర్తిగా చేర్చడమే నాకు మిగిలిన దారి, ఆ పనికి ఈ రాడార్ చాలు. స్లైస్‌తో (బంతి కుడివైపుకు వంగిపోవడంతో) అవస్థ పడుతున్న కొత్తవాళ్ళకైతే ముందు ఫేస్ దిశ సరిచేసుకోవాలి, అందులో ఇది ఏమాత్రం సాయపడదు. మంచి లాంచ్ మానిటర్ ఉన్న సిమ్యులేటర్ దగ్గర్లో ఉండి తరచూ వెళ్ళగలిగేవాళ్ళకీ దీని అవసరం పెద్దగా ఉండకపోవచ్చు. నెట్‌లోకి కొట్టేవాళ్ళు మాత్రం కొనేముందు బంతికీ నెట్‌కీ మధ్య ఎంత ఖాళీ కావాలో కనుక్కోండి. నా దగ్గరున్నది ఆ ఖాళీ చాలకపోతే పై అంకె మామూలుగానే చూపించి కింది అంకె చోట గీతలు పెడుతుంది, అప్పుడు నేను ఇంతసేపు మెచ్చుకున్నది మీ చేతికి రానే రాదు.