సాలీడా, చీమా? కామిక్స్‌లో పురుగు హీరోగా ఎవరు మేలు

1962 ఆగస్టు సంచికలో పీటర్ పార్కర్ అనే కుర్రాణ్ణి రేడియోధార్మిక సాలీడు కరిచింది, దాంతో అతను స్పైడర్‌మ్యాన్ అయ్యాడు. మరుసటి నెల ఇంకో కామిక్ సంచికలో హ్యాంక్ పిమ్ అనే శాస్త్రవేత్త చీమంత చిన్నవాడై యాంట్‌మ్యాన్‌గా బరిలోకి దిగాడు. ఇద్దరూ మార్వెల్ అనే కామిక్స్ సంస్థ హీరోలే, ఇద్దరి వెనకా రచయిత స్టాన్ లీ ఉన్నాడు. స్పైడర్‌మ్యాన్ పేరు తెలియని పిల్లలు ఇవాళ ఎక్కడా దొరకరు. యాంట్‌మ్యాన్‌కు సినిమాలు వచ్చేదాకా పెద్దగా గుర్తింపు లేదు. పేరు సంగతి పక్కనపెట్టి, పురుగును ఆధారం చేసుకున్న హీరోగా ఎవరు మేలని అడిగితే నా ఓటు చీమకే. విలన్ల దగ్గర మాత్రం తీర్పు తిరగబడుతుంది. అది తర్వాత చెబుతాను.

స్పైడర్‌మ్యాన్‌లో అసలు సాలీడు ఎంత ఉంది? కరిచిన సాలీడు మొదటి కథలోనే చచ్చిపోతుంది. ఆ తర్వాత ఆ కథకు సాలీళ్లతో పనే లేదు. దారం కూడా ఒంట్లోంచి రాదు. కామిక్స్‌లో పీటర్ ఒక రసాయనం తయారుచేసుకుని, మణికట్టుకు కట్టుకున్న పరికరంతో చిమ్ముతాడు. సరిగ్గా కొట్లాట మధ్యలో అది అయిపోతుంటుంది కూడా. ఒంట్లోంచే దారం రావడమన్నది 2002 సినిమా చేసిన మార్పు. ఇక గోడలెక్కడం. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో దీన్ని లెక్కవేశారు. జంతువు పెద్దదయ్యేకొద్దీ గోడను పట్టుకోవడానికి కావలసిన అతుకు భాగం బరువుకు తగ్గట్టు విపరీతంగా పెరిగిపోతుంది. మనిషి బల్లిలా గోడకు అతుక్కోవాలంటే ఒంటిమీద దాదాపు 40 శాతం అతుకు మెత్తలే ఉండాలట. పీటర్‌కు వేళ్లు చాలు.

సాలీడుకు బాగా దగ్గరగా ఉన్నది ఒక్కటే, ప్రమాదాన్ని ముందే పసిగట్టే గుణం. నిజం సాలీళ్లు కాళ్ల మీది సన్నటి వెంట్రుకలతో గాలి కదలికను, గూటి దారాల్లోంచి వచ్చే ప్రకంపనలను గుర్తుపడతాయి. ఇక్కడ ఊహకు ఒక ఆధారం ఉంది. మిగతాదంతా పీటర్ గొప్పతనమే. మే అత్తయ్య గురించి బెంగ, చేతిలో డబ్బుల్లేక ఫొటోలు అమ్ముకోవడం, తను ఆపి ఉంటే బెన్ మామయ్య బతికేవాడన్న బాధ. ఇవన్నీ మనసుకు పట్టుకుంటాయి. కానీ సాలీడు బదులు ఇంకే జీవిని పెట్టినా ఆ కుర్రాడి కథ చాలావరకు అలాగే నడుస్తుంది.

యాంట్‌మ్యాన్ కథలోంచి చీమల్ని తీసేస్తే మాత్రం కథే ఉండదు. పిమ్ మొదట కనిపించింది 1962 జనవరిలో, ఒక చిన్న భయానక కథలో. తన మందుతో తానే చిన్నవాడై చీమలపుట్టలో పడతాడు. చీమలు తరుముతుంటే ఒకే ఒక్క చీమ అతనికి సాయం చేస్తుంది. నాకు ఈ కథ ఇష్టమవడానికి కారణం ఆ ఒక్క చీమే. తర్వాత హెల్మెట్‌తో చీమలతో మాట్లాడడం, వాటి మీద ఎక్కి తిరగడం, ఎక్కడినుంచో దూకితే కింద చీమలు గుంపుగా చేరి మెత్తగా అందుకోవడం వచ్చాయి. చీమలు ఇక్కడ సాటి పాత్రలు. నిజం చీమలు రసాయనాల వాసనతో మాట్లాడుకుంటాయి, హెల్మెట్ చేసే పని దానికి బదులన్నమాట. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుందన్నదీ నిజమే. అయితే అది చిన్న ఒంటి వల్ల వచ్చిన వీలు. అదే చీమ మనిషంత అయితే తన కాళ్లమీద తానే నిలబడలేదు. చిన్నగా ఉండడంలోనే బలం ఉందన్న ఆలోచనకు యాంట్‌మ్యాన్ నమ్మకంగా ఉన్నాడు. (ఇంకో మాట: పుట్టలో కూలి చేసేవీ, కాపలా కాసేవీ అన్నీ ఆడచీమలే. ఆ లెక్కన అతని సైన్యమంతా ఆడవాళ్లదే. ఈ సంగతి మీద కథలు ఇంకా ఎన్నో రావచ్చు.)

పిమ్‌కూ లోపముంది. అతను నిలకడ లేని పాత్ర. 1963 నవంబరుకల్లా రచయితలే చీమను నమ్మలేక అతణ్ణి భారీ ఆకారం దాల్చే జెయంట్‌మ్యాన్ చేసేశారు. అంతకు ముందే, 1963 జూన్‌లో, కందిరీగ రెక్కలతో వచ్చిన జానెట్ వాన్ డైన్ అతనికంటే చలాకీగా ఉండేది. మార్వెల్ హీరోల జట్టుకు అవెంజర్స్ అన్న పేరు సూచించింది ఆమే. చీమ కథకు సరైన మనిషి దొరికింది 1979లో, స్కాట్ ల్యాంగ్ రూపంలో. జైలుకెళ్లొచ్చిన ఎలక్ట్రానిక్స్ నిపుణుడు. కూతురు క్యాసీకి గుండెజబ్బు, కాపాడగల డాక్టరమ్మ ఒక దుర్మార్గుడి చెరలో ఉంది. గత్యంతరం లేక పిమ్ సూట్ దొంగిలిస్తాడు. చివరికి పిమ్ దాన్ని అతనికే వదిలేస్తాడు. లోకం చిన్నచూపు చూసిన మనిషికి లోకం కాలికింద తొక్కే జీవులు తోడు నిలవడం నాకెప్పుడూ కదిలించే విషయం.

ఇప్పుడు విలన్లు. ఇక్కడ పోటీయే లేదు. యాంట్‌మ్యాన్‌కు ఎగ్‌హెడ్ లాంటి ఒకరిద్దరు తప్ప గుర్తుండేవాళ్లు లేరు. స్పైడర్‌మ్యాన్ ఎదుట ఒక అడవే ఉంది: రాబందు, ఆక్టోపస్, బల్లి, తేలు, ఖడ్గమృగం. రాబందు వల్చర్, ఖడ్గమృగం రైనో నాకు వేషాలుగానే కనిపిస్తారు. డాక్టర్ ఆక్టోపస్ వేరు. నాలుగు లోహపు చేతులు, తన కాళ్లూచేతులూ కలిపి ఎనిమిది, సాలీడుకూ ఎనిమిదే. నిజం ఆక్టోపస్ నాడీకణాల్లో మూడింట రెండు వంతులు దాని చేతుల్లోనే ఉంటాయి. చేతులే ఆలోచిస్తున్నట్టుండే ఈ విలన్ ఆ జీవికి ఎంత దగ్గరో చూడండి. స్కార్పియన్ కథలో అసలు దోషి తేలు కాదు, స్పైడర్‌మ్యాన్ మీద కసితో డబ్బిచ్చి ఒక మనిషిని అలా మార్పించిన పత్రికాధిపతి జేమ్సన్.

అందరిలోకీ మేలు లిజార్డ్, 1963 నవంబరు సంచిక. యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న డాక్టర్ కర్ట్ కానర్స్, బల్లికి తోక మొలిచినట్టు మనిషికి చెయ్యి మొలిపించాలనుకుంటాడు. మొలుస్తుంది కూడా, దానితోపాటు బల్లి స్వభావమూ వస్తుంది. నిజానికి బల్లికి తోకే మళ్లీ వస్తుంది, కాలు మొత్తం మొలిపించుకునేవి బల్లిలా కనిపించే ఉభయచరాలు, సాలమాండర్లు. ఆ చిన్న తప్పు కథకు అడ్డు కాదు. ఇంట్లో భార్య మార్తా, కొడుకు బిల్లీ ఎదురుచూస్తుంటారు కాబట్టి స్పైడర్‌మ్యాన్ అతణ్ణి కొట్టి పడేయలేడు, విరుగుడు తాగించాలి. శత్రువును గెలవడం కాదు, ఇంటికి చేర్చడం.

పేడపురుగునూ వదలకూడదు. ఆ పురుగు హీరో బ్లూ బీటిల్ 1939 నుంచీ ఉన్నాడు. 1966లో స్టీవ్ డిట్కో, అంటే స్పైడర్‌మ్యాన్‌కు రూపమిచ్చిన చిత్రకారుడే, టెడ్ కార్డ్ అనే కొత్త బ్లూ బీటిల్‌ను సృష్టించాడు. టెడ్ తెలివైనవాడే కానీ అతనిలో పురుగు పేరుకే. 2006లో అదే పేరుతో వచ్చిన హైమే రేయెస్ మాత్రం చీమకు గట్టి పోటీ. వెన్నెముకకు అతుక్కుపోయిన పురుగుతో కలిసి బతకడం, దాని మాట కొద్దికొద్దిగా అర్థమవడం, ఇంట్లోవాళ్లకు నిజం తెలియడం అతని కథలోని బలాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: విలన్ల కోసమైతే డిట్కో గీసిన స్పైడర్‌మ్యాన్ తొలి 38 సంచికలు, అందులో ముందు ఆరోది. పురుగుల కోసమైతే స్కాట్ ల్యాంగ్ మొదటి కథ, అది రెండు సంచికల్లో అయిపోతుంది. రెండూ నచ్చితే హైమే దగ్గరికి వెళ్లండి.