ఓర్ఖోన్ లోయలో గెర్ బస: గొర్లు కాసిన ఇంటి నుంచి వెళ్లినవాడి మాట

మా నాయన సిద్దిపేట దగ్గర గొర్లు కాసేవాడు. నల్ల గొంగడి మీద పడుకునే పెరిగాను. అందుకే మంగోలియా వెళ్లినప్పుడు పశువులు మేపుకునే కుటుంబం దగ్గరే ఉండాలని పట్టుబట్టాను. రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి ఓర్ఖోన్ లోయలోని ఖార్‌ఖోరిన్ పట్టణం దాదాపు 360 కిలోమీటర్లు. అక్కడ 108 స్తూపాల ప్రహరీ ఉన్న ఎర్దెనె జూ మఠం చూసుకుని, సాయంత్రానికి గెర్ చేరాం. రెండు రాత్రులు ఉన్నాం.

గెర్ అంటే మనం యర్ట్ అని వినే గుండ్రటి గుడారం. కర్ర జాలీ గోడ చుట్టూ ఉన్ని దుప్పట్లు చుట్టి తాళ్లతో బిగిస్తారు. వెళ్లగానే ఆ ఉన్నినే చేత్తో పట్టి చూశాను. మన గొంగడి నూలు వడికి నేసింది. ఇది నేత కాదు. ఉన్నిని కర్రలతో బాది, పరిచి, నీళ్లు చల్లి, చుట్ట చుట్టి గుర్రంతో లాగిస్తారట. అలా దొర్లి దొర్లి గట్టిపడి వేలెడు మందం అవుతుంది. వాసన మాత్రం అచ్చం మా ఇంటిదే. ఆ రాత్రి వాన మొదలవగానే ఇంటావిడ పరుగున వచ్చి, బయటి నుంచి తాడు లాగి కప్పు నడుమ ఉన్న గుండ్రటి వెలుతురు కంతను మూసేసింది. లోపల ఒక్క చుక్క పడలేదు.

తలుపు ఎప్పుడూ దక్షిణానికే. గడప తొక్కకూడదు, అది మనకెవరూ చెప్పనక్కర్లేదు. లోపలికి వచ్చినవాళ్లు ఎడమ పక్కగా వెళ్లి కూర్చోవాలి. ఎదురుగా ఉత్తరం వైపు పెద్దల చోటు, దేవుడి పటాలూ అక్కడే. నడుమనున్న రెండు స్తంభాల మధ్య నుంచి నడవకూడదు. ఏదిచ్చినా కుడి చేత్తో, ఎడమ చెయ్యి మోచేతికి ఆనించి తీసుకోవాలి. మేం అలా తీసుకున్నప్పుడు ఇంటాయన ముఖం వికసించడం చూశాను.

రెండో రోజు పొద్దున గుర్రాల పాలు పితికారు. ముందు పిల్లను వదిలి చేపిస్తారు, మనం దూడను వదిలినట్టే. ఇంటావిడ ఒక మోకాలు నేలకానించి, చేతికి బకెట్ తగిలించుకుని పితికింది. ఆ పాలు తోలుసంచిలో పోసి కవ్వంలాంటి కర్రతో వేల సార్లు చిలికితే పులిసి ఐరగ్ అవుతుంది. లోపలికి వచ్చే చుట్టాలు కూడా నాలుగు పోట్లు చిలకడం ఆనవాయితీ. నేనూ చిలికాను. పుల్లగా, నాలుక మీద చురుక్కుమంటుంది. కొద్దిగా మత్తు ఉంటుంది, మొదటిసారి సగం గిన్నెతో ఆపండి. పాల టీలో చక్కెర ఉండదు, ఉప్పు వేస్తారు. రెండో పూటకే అలవాటైంది.

డ్రైవర్ తర్జుమా చేస్తుంటే ఇంటాయనతో మంద గురించే ఎక్కువసేపు మాట్లాడాను. వాళ్లు పశువులను రెండు రకాలుగా చెప్పుకుంటారు. గొర్రె, గుర్రం ‘వేడి మూతి’ పశువులట. మేక, ఆవు, ఒంటె ‘చల్ల మూతి’. మనుషులు 35 లక్షలే ఉన్న దేశంలో పశువులు 5 కోట్ల పైనే. మేకల సంగతి ఎత్తగానే ఆయన కాస్త దిగులుపడ్డాడు. కాష్మీర్ అనే మెత్తటి మేక ఉన్ని కోసం వాటిని పెంచుకుంటూ పోయారు, అవి గడ్డిని వేర్లతో సహా పీకేస్తాయి. మా నాయన కూడా ఇదే మాట అనేవాడు.

లోపాలూ చెప్పాలి. బస కుదిర్చిన ఏజెన్సీ వేడి నీళ్ల స్నానం ఉంటుందంది, లేదు. మా వదిన శాకాహారి అని మూడుసార్లు రాసినా వాళ్లు ఇంటివాళ్లకు చెప్పనే లేదు. మొదటి రాత్రి పాపం రొట్టె, మీగడ, మేం తీసుకెళ్లిన గోంగూర పచ్చడితో సరిపెట్టుకుంది. తెలిశాక ఇంటావిడ చాలా నొచ్చుకుంది. మర్నాడు మాంసం లేకుండా బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్ వేసి చేత్తో కోసిన నూడుల్స్ వండింది. తప్పు ఇంటివాళ్లది కాదు కాబట్టి బసకు ఒక్క మార్కు కూడా తగ్గించను. ఇంకో సంగతి, పొయ్యి తెల్లవారుజామున ఆరిపోతుంది. ఆగస్టులో కూడా స్వెటర్ వేసుకునే పడుకోండి.

బయల్దేరేటప్పుడు ఆమె గరిటెతో పాలు తెచ్చి మా బండి వెనకాల గాలిలోకి చల్లింది, దారి మంచిగా సాగాలని. వచ్చే ఏడు మళ్లీ వెళ్తున్నాను. ఈసారి మా ఊరి గొంగడి ఒకటి ఆమెకు తీసుకెళ్తాను.