కె అంటే రగణమే, కానీ లెక్కబెట్టకూడదు: ఎల్‌సీడబ్ల్యూఓ వాడాక

మా నాన్న కావలి తంతి కార్యాలయంలో పనిచేశాడు. అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని వేలితో టకటకా ఏదో కొట్టేవాడు. ఏంది నాన్నా అదీ అంటే నవ్వి ఊరుకునేవాడు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం ఆపేశారని పేపర్లో చదివినప్పుడు ఆ వేలే గుర్తొచ్చింది. అది మోర్స్ కోడ్: పొట్టి కూత చుక్క, పొడుగు కూత గీత, వాటితోనే అక్షరాలు. అది నేర్చుకుందామని కూర్చునేసరికి తెలుగు పండితురాలిగా రిటైరై, నెల్లూరు మూలాపేటలో ఇంటిపట్టున ఉండా.

మొదట ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నా, పేరెందుకులెండి. అక్షరానికొక బొమ్మ, బొమ్మలో చుక్కలూ గీతలూ. రెండు వారాల్లో 26 అక్షరాలూ అప్పజెప్పేశా. మనవడు ఒక మాట మోగిస్తే ఒక్క అక్షరం పట్టుకోలేకపోయా. శబ్దాన్ని చుక్కలుగా మార్చుకుని, ఆ చుక్కలున్న బొమ్మ వెతుక్కునేలోపు అవతల మూడక్షరాలు దాటిపోతాయి.

అప్పుడు వాడే, మోర్స్ నేర్పే ఎల్‌సీడబ్ల్యూఓ డాట్ నెట్ తెరిచిచ్చాడు. జర్మనీకి చెందిన హామ్ రేడియో (సరదాకి వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ళది) ఆపరేటరు ఫాబియన్ కుర్జ్ నడిపే సైటు, పైసా కట్టక్కర్లేదు. చుక్కలూ గీతలూ చూసి బట్టీ పట్టే పని లేదు. 1930ల నాటి కోఖ్ పద్ధతి: మొదటి పాఠంలో కె, ఎమ్ రెండే. అవే ఒక నిమిషం పాటు అటూఇటూ కలిపి మోగుతాయి. విన్నది పెట్టెలో కొట్టి సరిచూసుకోవాలి. నూటికి తొంభై సరిపోతే ఇంకో అక్షరం చేరుతుంది. యు, ఆర్, ఇ, ఎస్... అలా 40 పాఠాలు. వరసలో ఎ ఎనిమిదోది, ఎక్స్ చిట్టచివరిది. అఆల క్రమానికి అలవాటుపడ్డ ప్రాణం కాసేపు గిలగిల్లాడింది.

ముఖ్యమైన కిటుకు వేగంలో ఉంది. అక్షరాన్ని నిమిషానికి 20 పదాల వేగంతోనే మోగించి, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పెంచుకోవచ్చు. నేను మొత్తం మీద 8 పదాలకు పెట్టుకున్నా. 20 వేగంలో చుక్క సెకనులో పదహారో వంతుకు కాస్త తక్కువ. లెక్కబెడదామన్నా కుదరదు, అక్షరం మొత్తం ఒక్క ముక్కగా చెవిన పడాల్సిందే.

కానీ నేను లెక్కబెట్టకుండా ఉంటానా! ముప్పయ్యేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో గణవిభజన చెప్పినదాన్ని. కె వినబడగానే డా-డి-డా, అంటే గీత చుక్క గీత; గురువు లఘువు గురువు, రగణం! ఆర్ జగణం, యు సగణం, ఎస్ నగణం. కాగితం తీసి చూద్దును కదా, మోర్స్‌లో మూడేసి ధ్వనులున్న అక్షరాలు సరిగ్గా ఎనిమిది, మన య-మ-త-ర-జ-భ-న-సలూ ఎనిమిదే. డబ్ల్యూ యగణం, ఓ మగణం, జి తగణం, డి భగణం. ఒక్కటి మిగల్లేదు. ఒక్క తేడా ఉంది. మన గురువు రెండు మాత్రలు, మోర్స్ గీత మూడు చుక్కలంత పొడుగు. అంటే వ్యాకరణం ప్రకారం అది మూడు మాత్రల ప్లుతం! తిక్కన గారి ఊళ్ళో ఇది చెప్పుకోడానికి మనిషి దొరకలేదు, మనవడు మాత్రం ఆవులించాడు.

ఆరో పాఠంలో అయిదేసి అక్షరాల గుంపులు వస్తున్నాయి. ఒక గుంపు ఎస్, ఎన్, ఎన్, కె, కె. న, హ, హ, ర, ర. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ఆటవెలది మొదటి పాదం! నేను పొంగిపోతుండగానే తర్వాతి రెండు గుంపులు నా పక్కనుంచి వెళ్ళిపోయాయి. ఆ రోజు 31 శాతం తప్పులు. "అవ్వా, పద్యం వింటూ గణాలు కడతావా ఎక్కడన్నా?" అన్నాడు వాడు. నిజమే. ఆటవెలది నడక చెవికి ముందు తెలుస్తుంది, గణాలు తర్వాత కడతాం. మర్నాటి నుంచి కాగితం బల్ల సొరుగులో పెట్టేశా.

అక్షరాలు విడివిడిగా రుద్దడానికి ఇందులో మోర్స్ మెషీన్ అని ఇంకో విభాగం ఉంది. ఒక్కో అక్షరం మోగిస్తుంది, ఆ మీట నొక్కాలి. తప్పిన అక్షరానికి గీత పైకి లేస్తుంది, మళ్ళీమళ్ళీ అదే వస్తుంది. బడిలో వెనకబెంచీ వాణ్ణే పదేపదే లేపి అడిగినట్టు. నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. రోజూ పొద్దున పది నిమిషాలు, అంతకు మించితే చెవి మొద్దుబారుతుంది. మొదట్లో కూత గీ పెట్టినట్టుంటే సెట్టింగుల్లో శ్రుతి తగ్గించుకున్నా.

ఇబ్బంది లేదా అంటే, టైపింగ్ రానివాళ్ళకు ఉంది. మీట వెతుక్కునేలోపు తర్వాతి అక్షరం వచ్చేస్తుంది. నేను రూళ్ళ పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుని, నిమిషం అయ్యాక తీరిగ్గా పెట్టెలోకి ఎక్కిస్తా. ఫోన్ కన్నా కంప్యూటరు మేలు, ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. మా ఇంట్లో ఫ్యాను చప్పుడుకే ఇ ఎగిరిపోతుంది, దానికి ఉండేది ఒక్క చుక్కే కదా.

నాలుగు నెలలైంది. 28వ పాఠంలో హెచ్ చేరింది: నాలుగు చుక్కలు. 23లో వచ్చిన 5 అంకెకు అయిదు. ఎస్‌కి మూడు. ఈ ముగ్గురూ కలిసి నన్ను ఏడిపిస్తున్నారు. నిన్న 14 శాతం తప్పులు, అందులో సగానికి పైగా హెచ్‌వే. సొరుగులో కాగితం తియ్యకుండా ఓర్చుకుంటున్నా. హెచ్ నలము, తెలుసు నాకు.