బయోనిక్ కన్ను పేరుతో అడ్వాన్సు అడిగితే కట్టకండి: మా మామయ్యకు జరిగింది ఇదీ

బయోనిక్ కన్ను, అంటే చూపు కోసం కంటిలో అమర్చే చిప్ (ఇంప్లాంట్), పెట్టిస్తామంటే అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి 60 వేలు కట్టి పోగొట్టుకున్నాం. ఇంకొకరు కట్టకూడదని రాస్తున్నాను.

మా మేనమామకు ఆర్పీ, అంటే రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి వెనక వెలుగును పట్టే పొర, రెటీనా, మెల్లమెల్లగా పాడయ్యే జబ్బు. వయసులో ఉండగా రేచీకటితో మొదలైంది. ఇప్పుడు కిటికీ ఎటు ఉందో తెలుస్తుంది, అంతే. నల్గొండ నుంచి ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళింది నేనే, కాబట్టి తప్పులో సగం నాది.

ఏసీ గది, టై కట్టుకున్న కుర్రాడు, ట్యాబ్‌లో వీడియో. "అంకుల్, ఆరు నెలల్లో మీరే పేపర్ చదువుకుంటారు" అన్నాడు. మామయ్య ఇంకేమీ అడగలేదు, లోపలి జేబులోంచి డబ్బు తీశాడు. స్లాట్ బుకింగ్ అన్నారు. రసీదు మీద మాత్రం "కౌన్సెలింగ్ ఛార్జీలు, తిరిగి ఇవ్వబడవు" అని ఉంది. ఇంప్లాంట్ అనే మాటే లేదు. అది నేను ఇంటికొచ్చాక చదివాను, సిగ్గుచేటు.

వాళ్ళ బ్రోచర్‌లో ఉన్న పరికరం పేరు ఆర్గస్ టూ. నిజమైనదే. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ తయారుచేసింది, 2013లో అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. కళ్ళజోడులో కెమెరా, నడుముకు చిన్న ప్రాసెసర్, రెటీనా మీద 60 ఎలక్ట్రోడ్లు. దాంతో కనిపించేది వెలుగు మెరుపులు. గుమ్మం ఎక్కడుందో, ఎదురుగా మనిషి కదిలాడో పోల్చుకోవచ్చు, అదీ నెలల తరబడి శిక్షణ తీసుకుంటే. పేపర్ చదవడం ఎక్కడి మాట! అసలు సంగతేమిటంటే, 2019లోనే ఆ కంపెనీ దీని తయారీ ఆపేసింది. అప్పటికే పెట్టించుకున్నవాళ్ళు ప్రపంచం మొత్తం మీద 350 మంది దాకా ఉన్నారు. బయటి భాగం పాడైతే బాగుచేసే దిక్కు లేకుండా పోయింది. కంటిలో చిప్ ఉంది, చూపు లేదు. తయారీ ఆగిపోయిన వస్తువుకి మా దగ్గర స్లాట్ బుక్ చేశారన్నమాట.

రెటీనా మీద పెట్టే చిప్ పనిచేయాలంటే కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరం బాగుండాలి. గ్లాకోమాతో ఆ నరమే దెబ్బతిన్నవాళ్ళకు ఉపయోగం లేదు. ఆ రోజు మా పక్కన కూర్చున్న పెద్దావిడది గ్లాకోమానే. ఆవిడ దగ్గరా తీసుకున్నారు.

అంతా మోసమని నేననను. ప్రిమా అనే కొత్త చిప్ ఫలితాలు 2025 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. 38 మందికి పెట్టారు. ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మందికి చూపు చెప్పుకోదగ్గంత మెరుగుపడింది, అక్షరాలు చదివినవాళ్ళూ ఉన్నారు. 19 మందికి తీవ్రమైన ఇబ్బందులు కూడా వచ్చాయి, చాలావరకు తగ్గాయి. కానీ ఆ ట్రయల్ వయసుతో మాక్యులా, అంటే రెటీనా మధ్యభాగం, దెబ్బతిన్నవాళ్ళ మీద జరిగింది, ఆర్పీ వాళ్ళ మీద కాదు.

మీకూ ఎవరైనా "ట్రయల్" అని చెబితే సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు అడగండి. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ అందులో నమోదు కావాలి, ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పరిశోధనకయ్యే ఖర్చు పేషెంటు మీద వేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల్లో ఉంది. డబ్బు కట్టకముందే ఫైలు పట్టుకుని రెటీనా డాక్టరును కలవండి. మేం కట్టాక కలిశాం.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తున్నాం. అక్కడ ఇలాగే కట్టినవాళ్ళు ఉంటే రసీదు పారేయకుండా నాకు మెసేజ్ పెట్టండి. ముఖ్యంగా ఆ పెద్దావిడ వాళ్ళ అబ్బాయి.